ముందు పదో తరగతికే తలుపు తీయాలి... కానీ పరీక్ష కోసం కాదు

బడులు మూతపడటం కరోనాతో వచ్చి కరోనాతోనే పోయిన సమస్య కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచెత్తింది. అదే రోజుల్లో మున్నేరు ఖమ్మంలో ఇళ్లమీదికి వచ్చింది. రెండు చోట్లా బడులకు తాళాలు పడ్డాయి. ఆ నవంబరులో ఢిల్లీ గాలి విషమై తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి. కారణం ఏదైనా, తిరిగి తెరిచే వేళ అధికారుల ముందుకు వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే. పబ్లిక్ పరీక్షలు రాయాల్సిన పదో తరగతి, ఇంటర్ పిల్లలను మిగతా వారికంటే ముందు రప్పించాలా, వద్దా?

ఢిల్లీలో ఆ ప్రశ్న వారం రోజుల్లోనే రెండు వైపులా తిరిగింది. మొదట ప్రభుత్వం 10, 12 తరగతులను మినహాయించి మిగతా అందరికీ ఆన్‌లైన్ పాఠాలన్నది. పరీక్ష రాసే పిల్లల ఊపిరితిత్తులు వేరేగా ఉంటాయా అన్న వాదన సుప్రీంకోర్టులో వినిపించింది. 12వ తరగతి దాకా అందరికీ ప్రత్యక్ష తరగతులు ఆపే విషయం వెంటనే తేల్చాలని నవంబరు 18న కోర్టు ఆదేశించింది. వారం తిరిగేసరికి అదే కోర్టు మరో వైపు చూడాల్సి వచ్చింది. బడి లేక చాలామంది పిల్లలకు మధ్యాహ్న భోజనం పోయింది. ఆన్‌లైన్ పాఠం వినడానికి వారి దగ్గర పరికరాలు లేవు. ఇంట్లో ఉన్నా గాలి శుద్ధి యంత్రాలు లేనివారికి ఒరిగేదేమీ లేదు. ఇవన్నీ ప్రస్తావించి, ఆంక్షల సడలింపును పరిశీలించమని గాలి నాణ్యత కమిషన్‌కు చెప్పింది.

ఆరోగ్యమా చదువా అని తూకం వేయడం మొదలుపెడితే ముల్లు ఇలాగే అటూ ఇటూ ఊగుతుంది. అసలు అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ పిల్లలను మనం దేనికోసం పిలుస్తున్నాం? నా జవాబు సూటిగా చెబుతాను. ఆరోగ్యపరంగా బడి తెరవవచ్చని నిపుణులు చెప్పిన రోజున ముందు పిలవాల్సింది పదో తరగతినే. అయితే పిలుపు పాఠం కోసం కావాలి. పరీక్ష కోసం పిలిచిన ప్రతిసారీ ఈ పిల్లలు మోసపోయారు. అందుకు మన రెండు రాష్ట్రాల అనుభవమే సాక్ష్యం.

రెండు రాష్ట్రాలు, రెండు దారులు

2020 మార్చిలో బడులు మూతపడేనాటికి తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలై కొన్ని పేపర్లు పూర్తయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మొదలవ్వాల్సి ఉంది. జూన్ 8న తెలంగాణ మిగిలిన పరీక్షలు రద్దు చేసి 5.34 లక్షల మందిని పై తరగతికి పంపింది. ఆంధ్రప్రదేశ్ 11 పేపర్లను ఆరుకు కుదించి జూలైలో నిర్వహించాలని చూసి, చివరికి జూన్ 20న తానూ రద్దు చేసింది.

తర్వాతి బ్యాచ్ విషయంలో దారులు వేరయ్యాయి. కేంద్రం 2020 సెప్టెంబరు 21 నుంచి 9-12 తరగతుల పిల్లలు తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతితో, సందేహాలు తీర్చుకోవడానికి బడికి రావచ్చన్నది. ఆంధ్రప్రదేశ్ నవంబరు 2న 9, 10 తరగతులను, ఇంటర్‌ను పిలిచింది. రోజు విడిచి రోజు, ఒంటిపూట బడి. మొదటి వారంలోనే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు వైరస్ సోకినట్టు వార్త వచ్చింది. దేశమంతా ఆ అంకెనే చూసింది. ఆ పక్కనే ఉన్న మరో అంకెను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండు తరగతుల్లో కలిపి నమోదైన 9.75 లక్షల మందిలో బడికి వచ్చినవారు నాలుగు లక్షల లోపే. ఉపాధ్యాయుల్లో పదింట తొమ్మిది వంతుల మంది హాజరయ్యారు. పిల్లల్లో సగానికి పైగా ఇంటి పట్టునే ఉండిపోయారు. బడి గేటు తెరిచినంత మాత్రాన పిల్లలు వచ్చేయరని ప్రభుత్వానికి ఆ వారమే తెలిసిపోయింది.

తెలంగాణ 2021 ఫిబ్రవరి 1 దాకా ఆగింది. అప్పటివరకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ పాఠాలే దిక్కు. తెరిచాక గదికి 20 మందికి మించకుండా, బెంచీకి ఒక్కరిని కూర్చోబెట్టారు. గురుకులాల్లో, హాస్టళ్లలో కేసులు బయటపడటంతో మార్చి 24న మళ్లీ తాళం వేశారు. పదో తరగతి పిల్లలకు దక్కింది రెండు నెలల కంటే తక్కువే.

ముందు తెరిచిన రాష్ట్రంలోనూ, ఆగి తెరిచిన రాష్ట్రంలోనూ ఆ బ్యాచ్ చివరికి పరీక్ష రాయలేదు. తెలంగాణ ఏప్రిల్‌లోనే రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్ జూన్ 24 దాకా పట్టుబట్టింది. ఇంటర్ పరీక్షల కేసులో సుప్రీంకోర్టు గదులెన్ని, సిబ్బంది ఎంత, ఏర్పాట్లేమిటి అని నిలదీసింది. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల పరిహారానికి ఆదేశించవచ్చని హెచ్చరించింది. ఆ రోజే పది, ఇంటర్ పరీక్షలు రెండూ రద్దయ్యాయి. అంతకుముందు నెలలన్నీ పిల్లలు ఉంటాయో ఉండవో తెలియని పరీక్షల కోసం పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు.

వద్దనేవారి మాట వినాలి

పరీక్ష తరగతులను ముందు రప్పించడాన్ని వ్యతిరేకించేవారి వాదనను కొట్టిపారేయలేం. పదిహేనేళ్ల పిల్లాడికి జలుబుతో పోయే జబ్బు ఇంట్లో ఉన్న తాతయ్యకు, నాయనమ్మకు ప్రాణాంతకం కావచ్చు. రెండు గదుల ఇంట్లో విడిగా ఉండటం మాటలతో అయ్యే పని కాదు. ఉపాధ్యాయుల్లోనూ బీపీ, షుగర్ ఉన్నవారు ఎందరో. రెండో వేవ్‌లో రెండు రాష్ట్రాలూ ఎంతోమంది ఉపాధ్యాయులను పోగొట్టుకున్నాయి. ఆ కుటుంబాల ముందు నిలబడి, చదువు ముఖ్యం కదా అని తేలిగ్గా అనలేం.

ప్రైవేటు బడుల విషయంలో తల్లిదండ్రులకు ఉన్న అనుమానమూ ఉత్తిది కాదు. పదో తరగతిని తెరిస్తే ఫీజు బకాయిల వసూలుకు దారి దొరుకుతుందని, పిల్లాడిని గేటు దగ్గర నిలబెట్టి డబ్బు అడుగుతారని చాలామంది భయపడ్డారు. సమ్మతి పత్రం మీద సంతకం అడగడమంటే, జబ్బు చేస్తే మాకు సంబంధం లేదని ముందే రాయించుకోవడమేనని కూడా అనుకున్నారు. తెలంగాణ హైకోర్టు 2021 ఆగస్టు 31న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఈ భయాన్ని గుర్తించింది. ప్రత్యక్ష తరగతులకు రావాలని ఏ విద్యార్థినీ బలవంతం చేయరాదని చెప్పింది.

కానీ అదే ఉత్తర్వుతో గురుకులాలు, హాస్టళ్లు తెరుచుకోకుండా ఆగిపోయాయి. సెప్టెంబరు 1న ఊళ్లో బడి మొదలైంది. గురుకులంలో చదివే ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలు మాత్రం అక్టోబరు దాకా ఇంటి దగ్గరే ఉండిపోయారు. వైరస్ కోణంలో ఆ జాగ్రత్తకు కారణం ఉంది. కిక్కిరిసిన డార్మెటరీలో ఒకరికి సోకితే అందరికీ సోకుతుంది. చదువు కోణంలో చూస్తే అందరికంటే ఎక్కువ నష్టపోయింది అందరికంటే పేద పిల్లలే. బలవంతం ఉండకూడదన్న మాట న్యాయమే. అయితే రాలేని పిల్లాడి సంగతి ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఆ మాట ఒక్కటే జవాబు కాదు.

పదో తరగతే ఎందుకు ముందు

ముందు పిలవాల్సింది చిన్నపిల్లలనే అన్న బలమైన వాదన ఒకటుంది. డెన్మార్క్ 2020 ఏప్రిల్ 15న బడులు తెరిచినప్పుడు అయిదో తరగతి దాకా ఉన్న పిల్లలనే ముందు పిలిచింది. చిన్నపిల్లలు ఇంట్లో ఉంటే తల్లిదండ్రులు పనికి వెళ్లలేరు, ఆ వయసు వాళ్లు తెర ముందు కూర్చుని నేర్చుకోలేరు అన్నది ఆ దేశం లెక్క. దీనికి భిన్నంగా దక్షిణ కొరియా మే 20న హైస్కూలు ఆఖరి ఏడాది వారిని ముందు పిలిచింది. చైనాలోని వుహాన్‌లోనూ మే 6న మొదట బడికి వెళ్లింది వాళ్లే. గావోకావ్ ప్రవేశ పరీక్షను ఆ దేశం నెల రోజులు వెనక్కి జరిపింది. మన దేశంలో కేరళ 2021 జనవరి 1న, తమిళనాడు అదే నెల 19న 10, 12 తరగతులతోనే మొదలుపెట్టాయి.

మన పరిస్థితుల్లో పదో తరగతిని ముందు పెట్టడానికి కారణం పరీక్ష తేదీ కాకూడదు. పదో తరగతి మన పల్లె బడికి చివరి గడప. ఆరో తరగతిలో ఏడాది పోగొట్టుకున్న పిల్లాడు ఏడులోనో ఎనిమిదిలోనో అదే బడిలో, అదే టీచర్ల ముందు ఉంటాడు. వెనకబడితే పట్టుకునే చేయి ఉంటుంది. పదిలో జారిన పిల్లాడి ముందు ఊళ్లో మరో తరగతి లేదు. కాలేజీ మండల కేంద్రంలోనో పక్క పట్నంలోనో ఉంటుంది. బస్సు లేకపోయినా, ఆధార్ కార్డు మీద అక్షరం తప్పున్నా, మార్కుల మెమో ఆలస్యమైనా అక్కడే ఆగిపోతాడు.

పదిహేనేళ్ల వయసుకున్న మరో లక్షణం కూడా ఉంది. ఆ వయసు పిల్లలు ఇంటికి కూలి తెచ్చిపెట్టగలరు. బడి మూసిన నెలల్లో పల్నాట మిరప కోతలకు, కర్నూలు, పాలమూరు పొలాల్లో పత్తి ఏరడానికి ఆ చేతులు వెళ్లాయి. అబ్బాయిలు బైక్ మెకానిక్ దగ్గర, సెల్ షాపులో, ఇటుక బట్టీలో చేరారు. ఒకసారి జేబులోకి నాలుగు వందలు రావడం మొదలయ్యాక, ఇంట్లో అప్పు ఆ డబ్బుకు అలవాటు పడ్డాక తిరిగి బెంచీ మీద కూర్చోవడం అంత తేలిక కాదు. అమ్మాయిల విషయంలో ఇంకో ప్రమాదం. బడి లేని ఏడాది ఇంట్లో పెళ్లి మాట ఎత్తడానికి అనువైన ఏడాది. ‘చదువు ఎలాగూ ఆగింది కదా’ అన్న ఒక్క వాక్యం ఎందరి జీవితాలనో మలుపు తిప్పింది. రోజూ హాజరు తీసుకునే టీచరమ్మ ఆ వాక్యానికి అడ్డుగోడ. ఆమె వారం రోజులు కనిపించకపోతే గోడ పడిపోతుంది.

ఇంటి దగ్గర నుంచి చదువుకోవచ్చన్న మాట ఎవరికి వర్తిస్తుందో కూడా చూడాలి. 2021 ఆగస్టులో ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల్లోని ప్రాథమిక, ప్రాథమికోన్నత పిల్లలపై సర్వే చేయించారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నది 8 శాతమే. 37 శాతం అసలు చదవడమే లేదు. ఆ జాబితాలో తెలుగు రాష్ట్రాలు లేవు. అయినా ఇంట్లో ఒకే ఫోన్, అది తండ్రితో పాటు పొద్దున్నే పనికి పోవడం, రీచార్జ్ అయిపోతే పాఠం ఆగిపోవడం మన ఊళ్లకు తెలియని సంగతులా?

పరీక్ష కోసం పిలిస్తే ఏమైంది

2021లో తెలంగాణ పదో తరగతి ఫలితాలు చూడండి. 5.21 లక్షల మందీ పాస్. అందులో 2.10 లక్షల మందికి పదికి పది జీపీఏ. బడి నడిచిన కొద్ది వారాల్లో పెట్టగలిగింది ఒక్క ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (ఎఫ్‌ఏ). ఆ 20 మార్కులను అయిదుతో హెచ్చించి వందకు లెక్కగట్టారు. నిజంగా కష్టపడి చదివిన పిల్లకూ, పుస్తకం తెరవని పిల్లాడికీ ఒకే మెమో వచ్చింది. ఆ మెమో ఎవరినీ ఎక్కడికీ చేర్చలేకపోయింది.

ఆ నష్టం మొదట తాకింది ట్రిపుల్ ఐటీల ఆశలను. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, బాసర క్యాంపస్‌లలో సీటు అప్పట్లో పదో తరగతి జీపీఏతో వచ్చేది. సర్కారు బడిలో చదివినవారికి 0.4 అదనంగా కలిపేవారు. కోచింగ్ మొహం చూడని పల్లె పిల్లలను ఇంజనీరింగ్ దాకా తీసుకెళ్లే బాట అది. జీపీఏ లేకపోయేసరికి ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరులో ప్రత్యేకంగా ప్రవేశ పరీక్ష పెట్టింది. బాసర 2021లో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ర్యాంకులను తీసుకుంది. బడిలో రద్దయిన పరీక్ష మరో గుమ్మం దగ్గర మరో పేరుతో ఎదురైంది. అక్కడ బడి పాఠం కంటే ప్రవేశ పరీక్ష శిక్షణకే విలువ ఎక్కువ.

అంతకంటే పెద్ద దెబ్బ 2020 పది బ్యాచ్‌కు తగిలింది. తెలంగాణలో పరీక్ష లేకుండా పది దాటిన ఆ పిల్లలు ఇంటర్ మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే గడిపారు. పరీక్ష లేకుండానే రెండో ఏడాదికి వచ్చారు. వచ్చాక, 2021 అక్టోబరు 25 నుంచి వెనక్కి తిరిగి మొదటి ఏడాది పరీక్షలు రాయమన్నారు. డిసెంబరు 16న ఫలితాలు వచ్చాయి. పాసైంది 49 శాతం. అంతకుముందు ఏడాది అది 60 శాతం. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తల్లిదండ్రులు, విద్యార్థి సంఘాలు ఇంటర్ బోర్డు ముందు బైఠాయించారు. డిసెంబరు 24న ప్రభుత్వం ఫెయిలైన అందరికీ కనీస మార్కులు వేసి పాస్ చేసింది. ముందు ఉండదన్నారు, తర్వాత ఉందన్నారు, రాశాక ఫెయిలన్నారు, చివరికి పాస్ అన్నారు. రెండేళ్లలో ఇన్ని మాటలు విన్న పిల్లలకు పరీక్ష అన్నా, ప్రభుత్వం మాట అన్నా నమ్మకం ఎలా ఉంటుంది?

పరీక్షనే బడిగా భావించడం ఎంత దూరం వెళ్తుందో 2019లో కశ్మీర్ చూపించింది. రాష్ట్ర ప్రత్యేక హోదా తొలగించిన ఆగస్టు 5 తర్వాత నెలల తరబడి తరగతి గదులు ఖాళీగా ఉన్నాయి. అక్టోబరు చివర మొదలైన బోర్డు పరీక్షలకు మాత్రం పిల్లలు దాదాపు పూర్తిగా హాజరయ్యారు. పాఠం లేకపోయినా పరీక్ష జరిగితే పరిస్థితి చక్కబడినట్టే అని పాలకులు చెప్పుకోగలిగారు. పరీక్ష అధికారులకు ధీమా ఇస్తుంది. పిల్లాడికి కావాల్సింది అంతకుముందు నడవాల్సిన బడి.

తొమ్మిదో తరగతి చెప్పిన నిజం

2022 జూన్ 6న ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు రాష్ట్రం నివ్వెరపోయింది. 6.15 లక్షల మంది రాస్తే 67.26 శాతం పాసయ్యారు. మూడేళ్ల ముందు, చివరిసారి పరీక్ష జరిగిన 2019లో అది 94.88 శాతం. 71 బడుల్లో ఒక్కరూ పాసవలేదు.

ఈ పతనాన్ని మొత్తంగా బడి మూత ఖాతాలో వేయడం సరికాదు. అంతర్గత మూల్యాంకనానికి ఇచ్చే 20 మార్కులను ఎత్తేశాక జరిగిన తొలి పబ్లిక్ పరీక్ష అది. తెలంగాణ ఆ 20 మార్కులను ఉంచింది. సిలబస్‌ను 70 శాతానికి తగ్గించింది, ప్రశ్నల్లో ఛాయిస్ పెంచింది. అక్కడ 90 శాతం పాసయ్యారు. ఒకే విపత్తు చూసిన పిల్లల ఫలితాల్లో ఇంత తేడా రావడంలో ప్రశ్నపత్రం వాటా పెద్దది. కాబట్టి తెలంగాణ పిల్లలు అంత బాగా నేర్చుకున్నారని గానీ, ఆంధ్ర పిల్లలు అంత వెనకబడ్డారని గానీ ఆ అంకెలు చెప్పవు.

అయినా ఒక నిజం మిగులుతుంది. 2022లో పది రాసిన పిల్లలు 2020 మార్చిలో ఎనిమిదో తరగతిలో ఉన్నారు. అసలు నష్టం వారి తొమ్మిదో తరగతిలో జరిగింది. ఆ ఏడాది అందరి కళ్లూ పైతరగతి మీద, దాని పరీక్ష మీద ఉన్నాయి.

ఆ నష్టం ఎలా ఉంటుందో గణితం క్లాసులో కూర్చుంటే తెలుస్తుంది. పదో తరగతిలో వర్గ సమీకరణాల పాఠం. టీచరు బోర్డు మీద సమీకరణం రాసి, మధ్య పదాన్ని రెండుగా విడగొట్టమంటారు. గుణిస్తే ఆరు, కూడితే అయిదు వచ్చే రెండు సంఖ్యలు చెప్పమంటారు. రెండు, మూడు అని ముందు బెంచీ నుంచి జవాబు వస్తుంది. ఇప్పుడు మొదటి రెండు పదాల్లో ఉమ్మడిగా ఉన్నదాన్ని బయటికి తీయాలి. అక్కడే సగం క్లాసు ఆగిపోతుంది. ఉమ్మడి కారణాంకం తీయడం తొమ్మిదో తరగతి బహుపదుల పాఠంలో చేయి తిరగాల్సిన పని. ఆ పాఠాన్ని ఫోన్‌లో చూసిన పిల్లకు అది గుర్తుంటుంది గానీ చేతికి రాదు. ఆరుకు ముందు మైనస్ గుర్తు పెడితే ముందు బెంచీ కూడా తడబడుతుంది. టీచరుకు సిలబస్ పూర్తి చేయాలన్న తొందర ఉంటుంది. మిగతా లెక్క తానే బోర్డు మీద పూర్తి చేస్తారు. పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. తనిఖీకి వచ్చిన అధికారికి పాఠం పూర్తయినట్టే కనిపిస్తుంది.

రాత సంగతీ అంతే. ఏడాది పాటు వేళ్లతో తెర జరిపిన చేయి మూడు గంటలకు పైగా కలం పట్టలేదు. ప్రీ ఫైనల్స్‌లో సగం సమాధానాలు రాసి, మిగతావి తెలిసీ వదిలేసిన పిల్లలను ఆ ఏడాది ప్రతి హైస్కూలు టీచరూ చూశారు. స్లిప్ టెస్టుల మీద స్లిప్ టెస్టులు పెడితే ఈ లోటు తీరదు. రోజూ బడికి వచ్చి, రోజూ రాసి, తప్పు దిద్దించుకుంటేనే తీరుతుంది.

ఇకముందు ఏం చేయాలి

విపత్తు మళ్లీ రాకమానదు. అప్పుడు పదో తరగతిని ముందు పిలవడానికి ముందే కొన్ని నియమాలు రాసిపెట్టుకోవాలి. విపత్తు మధ్యలో కూర్చుని రాసే జీవోలు ఎలా ఉంటాయో చూశాం.

మొదటిది, పరీక్ష తేదీని క్యాలెండర్‌కు కాకుండా పనిదినాలకు ముడిపెట్టాలి. బడి తెరిచాక ఇన్ని పనిదినాలు ప్రత్యక్ష తరగతులు జరిగాకే పరీక్ష అని ముందే ప్రకటించాలి. మళ్లీ మూతపడితే పరీక్ష దానంతట అదే వెనక్కి జరగాలి. ఎన్ని పేపర్లు, ఎంత సిలబస్, ఎంత ఛాయిస్ అన్నది బడి తెరిచిన మొదటి రోజునే చెప్పాలి. ఒకసారి చెప్పాక మార్చకూడదు. పిల్లాడికి కష్టమైన పరీక్ష కంటే తెలియని పరీక్షే ఎక్కువ భయం.

రెండోది, మొదటి కొన్ని వారాలు సిలబస్‌ను పక్కనపెట్టి కింది తరగతి పునాదులు సరిచూడాలి. అందుకు పెట్టే పరీక్షలో మార్కులు ఉండకూడదు. ఎవరు ఎక్కడ ఆగారో తెలుసుకోవడానికే అది పనికి రావాలి. సిలబస్ పూర్తి చేయలేదని ఆ టీచరును డీఈవో ఆఫీసుకు పిలిపించకూడదు.

మూడోది, ఏడాది పొడవునా నెలనెలా జరిగే పరీక్షల రికార్డు నిజాయతీగా ఉండాలి. పబ్లిక్ పరీక్ష రద్దయ్యే రోజు మళ్లీ వస్తే ఆధారపడటానికి ఏదో ఒకటి ఉండాలి. ఒక్క ఎఫ్‌ఏను అయిదుతో హెచ్చించే దుస్థితి మళ్లీ రాకూడదు. అంతర్గత మార్కుల్లో అక్రమాలు జరుగుతాయంటే పక్క బడి టీచర్లతో దిద్దించే ఏర్పాటు చేయవచ్చు. మార్కులనే ఎత్తేయడం మందు కాదు.

నాలుగోది, హాజరు స్వచ్ఛందం కావాలి. సమ్మతి పత్రం తల్లిదండ్రుల ఇష్టాన్ని తెలిపే కాగితంగానే ఉండాలి, బడి బాధ్యతను తుడిచేసే కాగితం కాకూడదు. రానివారి ఇంటికి వారానికి ఒకసారైనా టీచరు వెళ్లాలి. చదువు కోసం ఒకసారి, ఆ పిల్ల ఇంకా ఇంట్లోనే ఉందా అని చూడటానికి మరోసారి. జబ్బుతో పరీక్ష రాయలేకపోయినవారికి సప్లిమెంటరీనే రెగ్యులర్‌గా గుర్తించాలి. 2022లో తప్పినవారి విషయంలో ఆంధ్రప్రదేశ్ ఆ మినహాయింపు ఇచ్చింది. దాన్ని నిబంధనగా మార్చడానికి అడ్డేమీ లేదు.

అయిదోది, బడి కంటే ముందు హాస్టల్, బస్సు, భోజనం తెరుచుకోవాలి. పల్లెవెలుగు బస్సు తిరగని రోజున ఊరికి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూలు మూసి ఉన్నట్టే. గురుకులాలను చివరికి నెట్టడం మానుకోవాలి. మిగతా తరగతులు రానంతకాలం వారి డార్మెటరీలు ఖాళీగా ఉంటాయి. పదో తరగతి పిల్లలను ఆ గదులన్నిట్లో దూరదూరంగా సర్దవచ్చు. పరీక్ష తరగతిని ముందు పిలవడంలో ఉన్న అసలు సౌలభ్యం అదే. బడి మొత్తం స్థలం, బడి మొత్తం టీచర్లు ఒక్క తరగతికి దొరుకుతారు.

ఆరోది, పది వచ్చిన రెండు మూడు వారాల్లో తొమ్మిదిని పిలవాలి. వచ్చే ఏడాది పరీక్ష రాసేది వాళ్లే. ఆ తర్వాత అక్షరాలు, అంకెలు నేర్చే ఒకటి, రెండు తరగతులు. అయిదు, ఆరు, ఏడు తరగతులకు ఇంకొంచెం ఆగే ఓపిక ఉంటుంది.

వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. టీచర్లకు కొంత స్వేచ్ఛ, అధికారులకు కొంత ముందుచూపు, ప్రభుత్వానికి ఇచ్చిన మాట మీద నిలబడే పట్టుదల ఉంటే చాలు. తల్లిదండ్రులు కూడా బడి తెరిచిన రోజున ‘పరీక్ష ఉంటుందా’ అని అడిగే ముందు ‘మా పిల్లకు ఏం వచ్చు, ఏం రాదు’ అని టీచరును అడగాలి. ఆ ప్రశ్న ఎక్కువమంది అడిగితే జవాబు చెప్పే బాధ్యత బడి మీద పడుతుంది.

పరీక్షలు రద్దయిన రెండేళ్లలో మన రెండు రాష్ట్రాలు పదో తరగతి పిల్లలందరికీ పాస్ మెమోలు ఇచ్చాయి. పాఠాలు మాత్రం బాకీ పడ్డాయి. ఆ బాకీలో కొంత 2021 డిసెంబరులో, కొంత 2022 జూన్‌లో పిల్లలే చెల్లించారు. మరోసారి బడులకు తాళం పడితే, తీసే రోజున ఆ బాకీ పెరగకుండా చూడాల్సింది ప్రభుత్వాలే. పదో తరగతిని ముందే రప్పించండి. రప్పించాక పాఠం చెప్పండి. పరీక్ష ఆ తర్వాతే.